తలకు దెబ్బ తగిలాక: కంకషన్‌ను గుర్తించడం, ఫిజియోథెరపీతో కోలుకోవడం

బండి మీద నుంచి పడినవారిని ఆసుపత్రికి తీసుకెళ్లి, గీసుకుపోయిన చోట కట్టు కట్టించి, సీటీ స్కాన్‌లో అంతా నార్మల్ అనిపించుకోగానే మన ఇళ్లలో ఆ విషయాన్ని అక్కడితో మరిచిపోతారు. అయితే సీటీ స్కాన్‌లో వెతికేది ప్రధానంగా రక్తస్రావాన్ని, పుర్రె పగుళ్లను. తల విసురుగా కదిలి మెదడు కుదుపుకు లోనవడమే కంకషన్. ఇందులో మెదడు ఆకారం చెడదు, కణాల పనితీరు కొన్నాళ్లపాటు చెడుతుంది కాబట్టి స్కాన్‌లో సాధారణంగా ఏమీ కనిపించదు. హెల్మెట్ పెట్టుకున్నా, తల నేలకు తగలకపోయినా, మెడ విసురుగా ఊగినప్పుడు కూడా ఇది రావచ్చు.

ముందుగా ప్రాణాపాయ సూచనలు తెలిసి ఉండాలి. తలనొప్పి గంటగంటకూ పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు కావడం, ఫిట్స్ రావడం, లేపినా లేవలేనంత మగత, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, రెండు కనుపాపలు వేర్వేరు సైజుల్లో కనిపించడం, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీళ్లలాంటి ద్రవం కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారిని, వృద్ధులను ఏ లక్షణమూ లేకపోయినా వైద్యుడికి చూపించాలి.

స్పృహ తప్పలేదు కాబట్టి ఏమీ కాలేదన్న నమ్మకం చాలా హాని చేస్తోంది. కంకషన్ అయినవారిలో ఎక్కువమంది అసలు స్పృహ కోల్పోరు. లక్షణాలు వెంటనే బయటపడాలని కూడా లేదు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో జరిగిన టీ20లో బంతి హెల్మెట్‌కు తగిలాక కూడా రవీంద్ర జడేజా బ్యాటింగ్ కొనసాగించాడు. ఇన్నింగ్స్ ముగిశాక అతని స్థానంలో కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా యజువేంద్ర చాహల్ బరిలోకి దిగాడు. ఇంట్లోనైతే ఈ లక్షణాలు చిన్న చిన్న మార్పులుగా మొదలవుతాయి: మిక్సీ చప్పుడు భరించలేకపోవడం, ట్యూబులైటు వెలుతురుకు కళ్లు మూసుకోవడం, చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి రావడం, ఫోన్ చూస్తుంటే వికారం, కారణం లేని కోపం, పట్టని నిద్ర. ఎక్కడ నొప్పి అని అడిగి ఊరుకోకుండా, పడటానికి ముందు ఏం చేస్తున్నారో, ఆసుపత్రికి ఎవరు తీసుకొచ్చారో అడిగి చూడండి. చిన్నపిల్లలు చెప్పలేరు, వారి తిండిలో, ఆటలో, నిద్రలో వచ్చే తేడాను పెద్దలే గమనించాలి.

మొదటి 24 నుంచి 48 గంటలు బరువైన పనులు, చదువు, స్క్రీన్లు తగ్గించాలి. తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని పెద్దలు అంటుంటారు. వైద్యుడు చూసి ప్రమాద సూచనలు లేవన్నాక నిద్ర మేలే చేస్తుంది, పక్కన ఒకరు ఉంటే చాలు. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది. రక్తస్రావం లేదని తేలేవరకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి సొంతంగా వేసుకోవద్దు. మద్యం ముట్టకూడదు, బండి నడపకూడదు.

అలాగని చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టడం కూడా పొరపాటే. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన క్రీడా వైద్య నిపుణులు కూడా తొలి రెండు రోజుల్లోనే తేలికపాటి నడక మొదలుపెట్టవచ్చని సూచించారు. ఇబ్బందిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో కొలుచుకోండి. నడిచేటప్పుడు అది అంతకు ముందున్న దానికంటే రెండు పాయింట్లకు మించి పెరిగినా, గంట దాటినా తగ్గకపోయినా ఆ నడక ఎక్కువైనట్టే, మరుసటి రోజు వేగమో సమయమో తగ్గించాలి. కొందరు ఫిజియోథెరపిస్టులు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఏ గుండె వేగం దగ్గర లక్షణాలు పెరుగుతున్నాయో గుర్తించి, దానికి కాస్త దిగువన రోజూ వ్యాయామం చేయిస్తారు.

ఫిజియోథెరపిస్టు దగ్గర పని అంతటితో అయిపోదు. తల ఊగినప్పుడు మెడ కూడా దెబ్బ తింటుంది, వెనుక నుంచి పైకి పాకే తలనొప్పికి చాలాసార్లు అదే మూలం. మెడ కదలికలను పరీక్షించి, లోపలి కండరాలను బలపరిచే వ్యాయామాలు నేర్పుతారు. పక్క మీద ఒత్తిగిల్లినప్పుడు కొన్ని క్షణాలపాటు గది గిర్రున తిరిగితే, అది లోపలి చెవిలోని సన్నని రేణువులు చోటు తప్పడం వల్ల కావచ్చు. తలను వరుసగా కొన్ని భంగిమల్లో ఉంచి వాటిని యథాస్థానానికి చేర్చే ఎప్లీ విధానాన్ని వారి చేతుల మీదుగానే చేయించుకోవాలి. చూపు నిలకడకు ఒక వ్యాయామం ఉంది: కార్డు మీద ఒక అక్షరం రాసి, చేయి చాచినంత దూరంలో కంటి ఎత్తున పట్టుకుని, చూపు అక్షరం మీదే నిలిపి, తలను మాత్రం కుడికీ ఎడమకూ కొద్దికొద్దిగా తిప్పాలి. అక్షరం మసకబారితే వేగం తగ్గించాలి. మొదట అర నిమిషం చేస్తే చాలు. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడటం, ఒక పాదం ముందు మరొకటి ఉంచి నడవడం వంటి సమతుల్య వ్యాయామాలను గోడ పక్కన, ఒకరి తోడుతో చేయాలి.

విద్యార్థులు ముందు చదువుకు, ఆ తరువాతే పూర్తిస్థాయి ఆటకు తిరిగి రావాలి. నడక, పరుగు, ఒంటరి సాధన, జట్టుతో సాధన, చివరికి మ్యాచ్ అన్న క్రమంలో మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున ఆగుతూ, ఇతరులను ఢీకొనే ఆటకు ముందు వైద్యుడి అనుమతి తీసుకోవాలి. మొదటి గాయం మానకముందే రెండో దెబ్బ తగిలితే, ముఖ్యంగా యువకుల్లో, మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. పెద్దలు చాలామంది రెండు వారాల్లో, పిల్లలు నాలుగు వారాల్లో కోలుకుంటారు. ఆ గడువు దాటినా లక్షణాలు మిగిలితే న్యూరాలజిస్టును కలవండి, రోజువారీ అంకెలు రాసుకున్న కాగితాన్ని కూడా వెంట తీసుకెళ్లండి.