సామాజిక పెట్టుబడి (లాభంతో పాటు సమాజానికి మేలూ కోరే పెట్టుబడి) పెట్టే ముందు చూసుకోవాల్సినవి

- ఫండ్‌కు సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లోనే చూడండి.

- లాభం ఎవరి జేబులోంచి వస్తోందో అడగండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే వ్యాపారం) కూడా పేదల మేలు పేరుతోనే నడిచింది. ఒకే ఇంటికి రెండు మూడు కంపెనీలు అప్పులిచ్చాయి. వారం వారం వాయిదా కోసం ఏజెంట్లు గుమ్మం ముందు కూర్చునేవారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అందుకే ఎంతమందికి అప్పిచ్చారో చూసి మురిసిపోకండి, తీసుకున్నవాళ్ల బతుకు ఏమైందో చెప్పమనండి.

- సేవా సంస్థలు నిధులు సేకరించే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ‘జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్’ పత్రాలకు వడ్డీ రాదు, పెట్టిన అసలు సొమ్మూ తిరిగి రాదు. అది విరాళమే. పిల్లల ఫీజు డబ్బు అందులో పెట్టకండి.

- మధ్యలో డబ్బు వెనక్కి తీసుకోవచ్చా? రాతపూర్వకంగా అడగండి.