పాత వానల లెక్కతో నది వరదను ముందే అంచనా వేయడం ఎలా?

కావలసినవి మూడే: కాంటూరు రేఖలున్న (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) మ్యాపు, పాత తుఫానుల్లో గంటగంటకూ నమోదైన వర్షపాతం, అదే రోజుల్లో నది నీటిమట్టం. రోజు మొత్తానికి ఒకే అంకె ఇచ్చే వాన లెక్క పనికిరాదు. 100 మిల్లీమీటర్లు రెండు గంటల్లో కురిస్తే వచ్చే వరద వేరు, రోజంతా కురిస్తే వచ్చేది వేరు.

వరద అంచనా కావలసిన చోట మ్యాపు మీద చుక్క పెట్టండి. అక్కడి నుంచి మిట్టల మీదుగా గీత గీసుకుంటూ వెళ్లి మళ్లీ చుక్క దగ్గరికే రండి. లోపలిదంతా పరీవాహక ప్రాంతం, అంటే అక్కడ పడ్డ వాన పారి ఈ చుక్క దగ్గరికే వస్తుంది. చుక్క దగ్గర తప్ప గీత ఎక్కడా వాగును దాటకూడదు. కంప్యూటర్ గీసిస్తుంది కానీ పెన్సిల్‌తోనే గీయండి. అప్పుడే ఏ వాగు ఎక్కడ కలుస్తుందో మనసులో పడుతుంది.

పది తుఫానులు ఎంచుకోండి. ఒక్కోదానికీ గ్రాఫ్ కాగితం మీద పైన వాన, కింద నీటిమట్టం గీయండి. వాన అన్నిటికంటే జోరుగా ఉన్న గంటకీ నీటిమట్టం అన్నిటికంటే ఎత్తుకు చేరిన గంటకీ మధ్య ఎన్ని గంటలో రాసుకోండి.

అసలు చిక్కు ఇప్పుడే. దాదాపు అందరూ బోల్తా పడేది ఇక్కడే. కురిసిన వానంతా నదికి రాదు. 200 చదరపు కిలోమీటర్ల మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే అది కోటి ఘనపు మీటర్ల నీరు. నేల ఎండి ఉంటే అందులో ఐదో వంతు కూడా రాకపోవచ్చు. వారంగా ముసురు పట్టి ఉంటే సగం దాటి రావచ్చు. అందుకే ప్రతి తుఫాను పక్కన ముందు ఐదు రోజుల వాన తప్పకుండా రాయండి. మొదట్లో నేను అది చూడకుండానే, నీళ్లు గట్టు దాటవని చెప్పాను. తెల్లారేసరికి గట్టు మునిగింది. ఆ భయం ఇప్పటికీ పోలేదు.

పదింటికీ సగటు తీయొద్దు. ముందు నేల తడి, తర్వాత వాన చూసి, ఇవాళ్టి పరిస్థితికి దగ్గరగా ఉన్న రెండు మూడు తుఫానులే తీసుకోండి. వాటిలో నీరు ఎంత ఎత్తుకు, ఎన్ని గంటల్లో చేరిందో అదే మీ అంచనా. ఒకే అంకె చెప్పకండి, కనిష్ఠం, గరిష్ఠం చెప్పండి. ఇవాళ్టి వాన పాతవన్నిటినీ మించితే గ్రాఫులో గీతను ఊహతో పైకి పొడిగించొద్దు, గట్లు దాటాక నది తీరే మారిపోతుంది. పైన ఆనకట్ట కట్టక ముందు నాటి లెక్కలు కూడా పక్కన పెట్టండి.

వాన మొదలయ్యాక గంటగంటకూ నీటిమట్టాన్ని అదే గ్రాఫులో గుర్తించండి. అనుకున్నదానికంటే వేగంగా లేస్తుంటే మీ అంచనా వదిలేయండి. అధికారులు ఖాళీ చేయమంటే ఇంకో లెక్క వేయకుండా బయల్దేరండి. వరద తీశాక, ఈ తుఫానునూ ముందు ఐదు రోజుల వానతో సహా పదకొండోదిగా చేర్చుకోండి.