మనీప్లాంట్ కుళ్లిపోయినా తీగ బతికే ఉంటుంది

మనీప్లాంట్ నీళ్లు లేక చచ్చేది తక్కువ, నీళ్లెక్కువై చచ్చేదే ఎక్కువ. అనంతపురంలో ఉండి ఈ మాటంటే నవ్వుతారు గానీ, మా వీధిలో నాకు చూపించడానికి తెచ్చే కుండీల్లో చాలావాటికి ఇదే జబ్బు. "దినామూ నీళ్లు పోస్తానే ఉండానక్కా, ఆకులు పచ్చబడతాండాయి" అంటుంది పక్కింటి పాప. దినామూ పోస్తోంది కాబట్టే.

ముందు మట్టిలో వేలు దించి చూడండి. పొడిగా ఉండి ఆకులు వేలాడుతుంటే అది దాహం. అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోస్తే ఒకట్రెండు రోజుల్లో లేచి నిలబడుతుంది. మట్టి తడిగా ఉండీ ఆకులు పసుపెక్కుతుంటే కుండీ బోర్లించి వేర్లు చూడాల్సిందే. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లింది నల్లబడి, పట్టి లాగితే పైతొక్క ఊడి వస్తుంది, వాసన కూడా కొడుతుంది. కొన్నే కుళ్లితే కత్తిరించి మట్టి మార్చండి. అన్నీ కుళ్లితే వేర్ల మీద ఆశ వదిలి తీగ పట్టుకోండి.

తీగ మీద ఆకుకాడ పుట్టే చోట కొంచెం ఉబ్బుగా కణుపు ఉంటుంది. దాని పక్కనే గోధుమరంగు మొటిమలాంటిది కనిపిస్తుంది, వేరు వచ్చేది అక్కడే. కణుపు లేకుండా ఆకునొక్కదాన్నే నీళ్లలో పెడితే వారాల తరబడి పచ్చగా ఉంటుంది తప్ప తీగ రాదు. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, కణుపుకి అర అంగుళం కింద కోయండి. ముక్కకి 2, 3 కణుపులు ఉండాలి. కోసిన చోట లోపల నల్లగా కనిపిస్తే శుభ్రమైన భాగం వచ్చేదాకా ఇంకా పైకి కోయండి. ఆకులు రాలిన బోడి తీగైనా గట్టిగా, పచ్చగా ఉంటే పారేయొద్దు, అదీ చిగురిస్తుంది. కోసిన ముక్కలు పిల్లలకు, పిల్లులకు అందనీయకండి, నమిలితే నోరు మండుతుంది. దొంగిలించి తెచ్చిన కొమ్మే బాగా పెరుగుతుందంటారు కదా, మా ఇంట్లో అడిగినా ఇస్తాం.

మన దగ్గర అసలు తంటా నీళ్లతోనే. బోరు నీళ్లలో ఉప్పెక్కువ. కుండీ అంచున తెల్లగా పేరుకునేది అదే. బకెట్లో రాత్రంతా ఉంచితే మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్ పోతుంది గానీ ఈ ఉప్పు పోదు. కొమ్మలు పెట్టడానికి ఒక గ్లాసు వాన నీళ్లో, క్యాన్ నీళ్లో చాలు. కింది ఆకు తీసేసి కణుపు మునిగేలా పెట్టండి, ఆకు మునిగితే కుళ్లుతుంది. 4, 5 రోజులకోసారి నీళ్లు మార్చండి. గాజు సీసా అయితే చుట్టూ కాగితం చుడితే పాచి పట్టదు. వెలుతురు కావాలి, ఎండ వద్దు. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి తగిలే కిటికీ దగ్గర పెడితే వేరు రాకముందే ఆకు మాడిపోతుంది. తొందర లేకపోతే జూన్ జల్లులు పడ్డాక మొదలుపెట్టండి.

సాధారణంగా 2, 3 వారాల్లో వేర్లు వస్తాయి. అవి రెండు అంగుళాలు కాగానే మట్టిలోకి మార్చండి. నీళ్లలో మరీ ఎక్కువకాలం పెరిగిన వేరుకి మట్టి అలవాటు కావడం కష్టం. ఉత్త ఎర్రమట్టి రెండు తడులకే ఇటుకలా గట్టిపడుతుంది, అందుకే సగానికి సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి, రెండు గుప్పెళ్లు వర్మికంపోస్ట్ (వానపాముల ఎరువు) వేస్తాను. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. గుబురుగా కావాలంటే ఒకే కుండీలో నాలుగైదు కొమ్మలు నాటండి. మొదటి పది రోజులు మట్టి ఆరనీయకండి, తర్వాత మళ్లీ వేలు పరీక్షే. కొత్త ఆకు విప్పుకునేదాకా ఇంకే ఎరువూ వేయొద్దు. ఆకు మీద పసుపు చారలు తగ్గుతుంటే వెలుతురు చాలట్లేదని అర్థం, కుండీని కిటికీ వైపు జరపండి.