కార్తీకం నుంచి సంక్రాంతి దాకా: ఆకుల పులగూర, అనపగింజల పితికిన పప్పు

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలకు చేనుగట్లు, పెరళ్ళు ఆకుకూరతో నిండిపోతాయి. ఆ వెనకే, పొద్దు తగ్గేకొద్దీ అనప (చిక్కుడు జాతి తీగ) పూతకొచ్చి, సంక్రాంతి దాటేదాకా కాయలిస్తూనే ఉంటుంది. ఈ రెండూ చేతికందే కాలంలో ఇంట్లో ఏం వండాలి, ఎలా వండాలి అన్నదే ఈ వ్యాసం. కొలతలన్నీ నలుగురికి సరిపోయేవి.

ముందు ఒక మాట. కోసి తెచ్చిన ఆకు, కాయ ఎంత లేత, ఎంత ముదురు అన్నది చూసుకున్నాకే ఏం వండాలో తేల్చుకోవాలి. పులుసు చేద్దామని ముందే అనుకుని కూర్చుంటే లేత గింజ చితికిపోతుంది, ముదురు గింజ ఎంతకీ ఉడకదు.

పులగూర

పులగూర అంటే రకరకాల ఆకులు ఉడికించి మెదిపే కూర. దానికి ఒక్క రకం ఆకు చాలదు. చిర్రాకు, గురుగాకు, చెంచలాకు, గంగపాయలాకు, మునగాకు, వీటిలో కనీసం మూడు రకాలు కలవాలి. పొద్దున ఎండ ఎక్కక ముందే కోయండి. వాడిన ఆకు ఉడికాక పీచు తగులుతుంది. మురికి కాలవల పక్కన, రోడ్డు అంచున, మందు కొట్టిన చేలో పెరిగింది ఎంత లేతగా ఉన్నా ముట్టుకోవద్దు. గంగపాయలాకును పోలిన గడ్డిమొక్కలు కొన్ని నేల మీద పాకుతూ ఉంటాయి. కాడ తుంచితే పాలు కారిందంటే అది గంగపాయల కాదు, పారేయండి. ఏ ఆకో తేల్చుకోలేకపోతే పెద్దవాళ్ళకు చూపించాకే కుండలో వేయండి.

బాగుచేసిన ఆకు పావు కిలో, కందిబేడలు (కందిపప్పు) పిడికెడు, పచ్చిమిరపకాయలు ఎనిమిది, నాటు టమోటాలు రెండు, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) ఒకటి, తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు ఆరు, చిన్న ఉసిరికాయంత చింతపండు, కల్లుప్పు. మదనపల్లె వైపు నుంచి వచ్చే గట్టి హైబ్రిడ్ టమోటాలే దొరికితే చింతపండు కొంచెం పెంచండి, వాటిలో పులుపు తక్కువ.

బేడలను రెండు గ్లాసుల నీళ్ళలో, వేళ్ళతో నలిపితే మెదిగేదాకా ఉడికించండి. టమోటా, చింతపండు ముందే వేయొద్దు. పులుపు తగిలితే బేడ గట్టిపడి ఆలస్యంగా ఉడుకుతుంది. బోరు నీళ్ళు సున్నపు పొర కట్టే ఊళ్ళలో ఇంకా కష్టం, అక్కడ తాగే నీళ్ళతోనే బేడలు ఉడకేయండి. బేడ మెత్తబడ్డాక మునగాకు, మిరపకాయలు, ఎర్రగడ్డ వేసి పది నిమిషాలు ఉడకనివ్వండి, మునగాకు నిదానంగా మెత్తబడుతుంది. తర్వాత గురుగాకు, చిర్రాకు, చెంచలాకు, టమోటా, చింతపండు వేసి మూత పెట్టకుండా ఐదారు నిమిషాలు. గంగపాయలాకు చివరి రెండు నిమిషాల్లో చాలు. అది ముందే పడితే జిగురు ఊరి కూరంతా సాగుతుంది. కుక్కర్లో అన్నీ ఒకేసారి వేసి విజిల్ పెడితే పని తొందరగా అవుతుంది గానీ ఆకుల రుచులన్నీ ఒక్కటైపోతాయి, రంగూ చస్తుంది. అంత మంచి ఆకు తెచ్చి అలా వండడం అన్యాయం.

ఇప్పుడు ఎనపడం, అంటే పప్పుగుత్తితో మెదపడం. పులగూర బాగా రావడం, రాకపోవడం ఇక్కడే తేలుతుంది. ఉడికిన నీళ్ళన్నీ వేరే గిన్నెలోకి వంచేయండి. నీళ్ళు ఉంటే ఆకు పప్పుగుత్తి కింద నిలవక జారిపోతుంది. కల్లుప్పు, పచ్చి తెల్లగడ్డ రెబ్బలు వేసి, ఉప్పు పలుకుల ఒరిపిడికి ఆకు నలిగేలా గట్టిగా ఎనపండి. మెత్తగా అయ్యాక వంచిన నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ జారుగా చేసుకోండి. మిక్సీ వాడితే పచ్చడిలా తయారవుతుంది, పులగూర కాదు. మట్టి సట్టి ఉంటే అందులోనే వండి అందులోనే ఎనపండి, లేకుంటే స్టీలు గిన్నె. ఇనప బాండలిలో చింతపండు పడితే కూర నల్లబడి ఇనుము రుచి వస్తుంది.

తిరగబాతకు రెండు చెంచాల శెనగనూనె, ఆవాలు, ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన తెల్లగడ్డ, కరివేపాకు. కరివేపాకును అప్పుడే చెట్టు నుంచి తుంచి, తడి తుడిచి వేయండి.

కూర చేదయితే మునగాకు ముదిరిందని గానీ, ఎక్కువైందని గానీ అర్థం. మొత్తం ఆకులో దాని వంతు నాలుగో వంతు దాటకూడదు. జిగురెక్కితే కొంచెం చింతపండు రసం పోసి ఒక పొంగు రానివ్వండి. మూత్రపిండాల్లో రాళ్ళ బాధ ఉన్నవాళ్ళకు గంగపాయల, చిర్రాకు లాంటి ఆకుల్లోని ఆక్సలేట్లు మంచివి కావు. వాళ్ళకోసం వండేటప్పుడు ఆ రెంటినీ తగ్గించి, వంచిన నీళ్ళు తిరిగి కలపకండి.

అనపకాయ: ఏ కాయ దేనికి

కాయ పట్టుకుంటే వేళ్ళకు నూనె జిడ్డులా అంటి, ఘాటైన వాసన నిలవాలి. మంచు పడ్డాక ఆ వాసన పెరుగుతుందని పండించేవాళ్ళ మాట. వాసన లేని కాయతో పులుసు చప్పగానే ఉంటుంది, మసాలా ఎంత వేసినా ఆ లోటు తీరదు. బెజ్జం కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే.

గింజ పట్టని లేత కాయను ఈనె తీసి, తుంచి తాళింపు చేసుకోవాలి. గింజ నిండినా ఇంకా నీరుగా ఉంటే పొట్టుతోనే, వంకాయ ముక్కలతో కలిపి గింజల పులుసు పెట్టండి. గింజ పచ్చగా, నిండుగా ఉండి, గోరు గుచ్చితే సులువుగా దిగితే అది పితికిన పప్పుకు, అంటే నొక్కి పొట్టు ఊడదీసే పప్పుకు, తగిన గింజ. గోరు దిగకపోతే ముదిరిందన్న మాట. దాని పొట్టు అంత సులువుగా ఊడదు, గుగ్గిళ్ళకు పెట్టుకోండి. అనపగింజ ఏ దశలో ఉన్నా పచ్చిగా తినకూడదు, పూర్తిగా ఉడకాలి. ముదురు గింజ, ఎండు అనుములు (ఎండిన అనపగింజలు) అయితే నానిన నీళ్ళు, మొదట ఉడికిన నీళ్ళు రెండూ పారబోయాలి.

పితకడం

కిలో కాయలు ఒలిస్తే సుమారు 350 నుంచి 400 గ్రాముల గింజలు వస్తాయి, పొట్టు తీశాక ఇంకొంత తగ్గుతుంది. సాయంత్రం ఒలిచి, గింజల మీద నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి రాత్రంతా ఉంచండి. ఎనిమిది గంటలు చాలు. పడుకునే ముందు ఒకసారి నీళ్ళు మార్చండి, లేకుంటే పొద్దునకు పులిసిన వాసన వస్తుంది. తొందరైతే గోరువెచ్చని నీళ్ళలో రెండు గంటలు నానబెట్టొచ్చు. మరిగే నీళ్ళు మాత్రం వద్దు. పైపొర ఉడికిపోయి, పితికేటప్పుడు పప్పు ముక్కలవుతుంది.

గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పొట్టు చీలి పప్పు జారి బయటపడుతుంది. చేతిని గిన్నె లోపలికి వంచి పితకండి, లేకుంటే పప్పులు ఎగిరి ఇల్లంతా పడతాయి. ఇంట్లో నలుగురూ చుట్టూ కూర్చుంటే అరగంటలో అయిపోతుంది. పొట్టు, ఒలిచిన తొక్కలు ఆవుకో మేకకో పెట్టండి.

బజార్లో పితికిన పప్పే నీళ్ళలో వేసి అమ్ముతారు. కొనే ముందు వాసన చూడండి. నీళ్ళు నురగ కట్టి, పుల్లటి వాసన వస్తే నిలవ సరుకు. ఇంట్లో పితికింది ఆ రోజే వండాలి. తప్పకపోతే నీళ్ళు వంచేసి, డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే ఇంకొక రోజు నిలుస్తుంది.

పితికిన పప్పు పులుసు

300 గ్రాముల పప్పుకు మసాలా ఇది: ధనియాలు రెండు చెంచాలు, ఎండుమిరపకాయలు ఆరేడు, అంగుళం చెక్క, లవంగాలు మూడు, గసగసాలు ఒక చెంచా, పచ్చికొబ్బరి అరచిప్ప, అంగుళం అల్లం, తెల్లగడ్డ రెబ్బలు ఎనిమిది, ఎర్రగడ్డ ఒకటి. ధనియాలు, మిరపకాయలు, చెక్క, లవంగాలు సన్నని సెగ మీద వేయించి, పొయ్యి ఆపాక ఆ వేడికే గసగసాలు వేయండి. అవి క్షణంలో మాడి చేదెక్కుతాయి. ఎర్రగడ్డను కొంచెం నూనెలో మగ్గించి, అన్నీ కలిపి వెన్నలా రుబ్బండి. గసగసాలు పలుకుగా మిగిలితే పులుసు చిక్కబడదు.

పప్పును మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపుతో విడిగా ఉడికించండి. మొదట వచ్చే నురగ తీసేయండి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలకు, నొక్కితే నలగాలి గానీ చూపుకు గింజ ఆకారం చెడకూడదు. పొట్టు లేని పప్పు కదా, కుక్కర్లో రెండు విజిళ్ళకే పిండయిపోతుంది.

ఇంకో గిన్నెలో మూడు చెంచాల శెనగనూనె, ఆవాలు, కరివేపాకు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ ఒకటి. అది ఎర్రబడ్డాక మసాలా వేసి, నూనె పైకి తేలేదాకా ఆరేడు నిమిషాలు కలుపుతూనే ఉండండి. ఈ వేపుడు తక్కువైతే పచ్చి ధనియాల వాసన చివరిదాకా పోదు. తరిగిన నాటు టమోటాలు రెండు వేసి మగ్గాక, ఉడికిన పప్పును నీళ్ళతో సహా పోసి, ఉప్పు వేసి, సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచండి. ఉర్లగడ్డ (బంగాళాదుంప), వంకాయ కలపాలంటే విడిగా ముప్పాతిక వంతు ఉడికించి ఇప్పుడే వేయండి. మాంసంతో వండేవాళ్ళూ ముందు మాంసాన్ని ముప్పాతిక వంతు ఉడికించుకోవాలి. చల్లారేకొద్దీ పులుసు చిక్కబడుతుంది కాబట్టి, కావలసినదానికంటే పలచగా ఉన్నప్పుడే దించండి. కొత్తిమీర కాడలు మసాలాతో రుబ్బేయండి, ఆకు మాత్రం దించాక చల్లండి.

దోసెలోకి, పూరీలోకి బాగుంటుంది. అయినా దీని అసలు జోడీ రాగి సంగటే. గ్లాసు బియ్యాన్ని ఐదు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికించి, అరగ్లాసు గంజి తీసి పక్కన పెట్టి, గ్లాసున్నర రాగిపిండిని అన్నం మీద కుప్పగా పోయండి. మధ్యలో తెడ్డు కాడతో బొక్క చేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు. తర్వాత దించి గట్టిగా కెలకాలి. పిండి ఉడకక ముందే కెలికితే ఉండలు కడతాయి, లోపల తెల్లపిండి మిగులుతుంది. మరీ గట్టిగా ఉంటే తీసిపెట్టిన గంజి కలపండి.

ఈ కాలంలో పెరట్లో సొర, బీర, దోస పాదులు కూడా కాస్తుంటాయి. కోశాక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారేయండి. వండినా ఆ విషం పోదు, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి.

అనప పాదు మీద మొదట కాసిన నిండు కాయలు కొన్ని విత్తనానికి వదిలేయండి. తీగ మీదే ఎండి గలగలమన్నాక కోసి, ఒలిచి, రెండు ఎండలు బాగా చూపించి, బూడిద కలిపి మూత బిగించిన డబ్బాలో పెట్టండి. తేమ మిగిలితే పుచ్చి బెజ్జాలు పడతాయి. జూన్, జూలై వానలకు శెనక్కాయ చేలో సాళ్ళ మధ్యనైనా, పెరటి కంచె వెంటనైనా కుదురుకు మూడు గింజల చొప్పున వేసుకోవచ్చు.