గిటార్ ఆంప్‌లో గుయ్ మోత: కెపాసిటర్ మార్చినా పోవట్లేదా?

ఆంప్ ఆన్ చేయగానే గుయ్‌మంటోంది అంటే చాలు, ఫిల్టర్ కెపాసిటర్లు (పవర్ సప్లైలో డీసీని నున్నగా చేసేవి) మార్చెయ్ అంటారు అందరూ. మార్చండి, కాదనను. కానీ దానికంటే ముందు గిటార్ వైరు పీకి చూశారా? చూడరు, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక గుర్తొస్తుంది. పీకగానే మోత ఆగిందంటే పవర్ సప్లై జోలికి పోకండి, తప్పు వైరుదో, పికప్‌దో (గిటార్ తీగల కింద వాటి కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం), గదిలోని ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్‌దో. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ అయితే గిటార్ పట్టుకుని అటూ ఇటూ తిరిగితే మోత మారుతుంది, దాంతోనే తెలిసిపోతుంది.

వైరు పీకినా మోగుతోందా, వాల్యూమ్ సున్నాకి తిప్పండి. ఏ మార్పూ లేకపోతే పవర్ సప్లైని అనుమానించవచ్చు. వాల్యూమ్‌తో పాటు పెరుగుతుంటే ప్రీఆంప్‌కి (గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే భాగం) వెళ్లే సప్లై, అక్కడి వోల్టేజ్ రెగ్యులేటర్, చిన్న కెపాసిటర్లు చూడాలి.

మోత ఏ స్వరంలో ఉందో కూడా వినండి. మన కరెంటు 50 హెర్ట్జ్, బ్రిడ్జ్ (గిటార్‌ది కాదు, ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు) దాటాక రిపుల్, అంటే డీసీలో మిగిలే ఎగుడుదిగుడు, 100 అవుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గర పలికే జీ 98 హెర్ట్జ్, దాదాపు అదే. మోత దానికి ఒక ఆక్టేవ్ కింద ఉంటే 50 అన్నమాట: బ్రిడ్జ్‌లో ఒక డయోడ్ పోయి ఉండాలి, లేదా ఎర్త్ లూప్ (ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడి చుట్టు పడటం).

100 దగ్గర నున్నగా మోగుతుంటే కెపాసిటర్ ఎండిపోయిందనే లెక్క. పైన ఉబ్బకపోయినా ఎండిపోతాయి, చూసి వదిలేయకండి. ఆంప్ ఆపి, కెపాసిటర్ డిస్చార్జ్ చేసి, అదే విలువది మంచిది ఒకటి ప్యారలల్‌గా తగిలించి ఆన్ చేయండి (వాల్వ్ ఆంప్ లోపల ఆపేశాక కూడా 400 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు, జాగ్రత్త). మోత తగ్గితే మార్చేయండి. ఒక ఆంపియర్ లోడ్‌కి 4700 మైక్రోఫారడ్ పెడితే రిపుల్ సుమారు 2 వోల్టులు, చిన్న ఆంప్‌కి అది చాలు. 25-0-25 ట్రాన్స్‌ఫార్మర్ అయితే డీసీ 35 దాటుతుంది కాబట్టి 35 వోల్టులది కాదు, 50 వోల్టులది కొనండి.

ఇక అసలు తలనొప్పి. కొత్త కెపాసిటర్ వేశారు, పోలేదు. 4700 తీసి 10000 వేశారు, మోత తగ్గకపోగా జిర్ర్‌మని ఇంకా గరుకుగా తయారైంది. ఇక్కడ దోషం కెపాసిటర్‌ది కాదు, గ్రౌండ్ వైరు (అన్ని భాగాలకీ ఉమ్మడి సున్నా వోల్టుల వైరు) ఎక్కడ అతికించారన్నదే. బ్రిడ్జ్ నుంచి కెపాసిటర్‌కి కరెంటు నిలకడగా పారదు, సెకనుకి 100 సార్లు సన్నటి కుదుపులుగా వెళ్తుంది, ఒక్కో కుదుపు కొన్ని ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (మధ్య వైరు, 25-0-25లోని ఆ 0) నుంచి కెపాసిటర్ల దాకా ఉన్న వైరులో 10 మిల్లీఓమ్‌లు ఉన్నాయనుకోండి, 5 ఆంపియర్ల కుదుపుకి 50 మిల్లీవోల్టులు పుడతాయి. గిటార్ సిగ్నలే కొన్ని పదుల, వందల మిల్లీవోల్టులు! ప్రీఆంప్ గ్రౌండ్ ఆ దారిలో మధ్యన అతికిస్తే ఈ 50 మిల్లీవోల్టులు నేరుగా సిగ్నల్‌లో కలుస్తాయి. కెపాసిటర్ పెద్దదయ్యే కొద్దీ కుదుపు మరింత సన్నగా, ఎత్తుగా అవుతుంది, అందుకే మోత పెరిగింది. మోటార్ నుంచి ట్యాంకుకి వెళ్లే పైపుకే కుళాయి బిగించి, నీళ్లు చిమ్ముతున్నాయని ట్యాంకు పెద్దది కట్టించినట్టు.

సెంటర్ ట్యాప్ వైరు తిన్నగా రెండు కెపాసిటర్లు కలిసే చోటుకే రావాలి, దారిలో ఇంకేదీ తగలకూడదు. అక్కడి నుంచి ఒక పొట్టి వైరు రెండు మూడు సెంటీమీటర్ల అవతలికి లాగి, స్పీకర్, పవర్ ఆంప్, ప్రీఆంప్ గ్రౌండ్లు విడివిడిగా తెచ్చి ఆ చివర అతకండి. చాసిస్‌కి (ఆంప్ రేకు డబ్బాకి) ఒక మూల సెంటర్ ట్యాప్, ఇంకో మూల కెపాసిటర్ అతికించి ఉంటే రెండూ ఊడదీయాల్సిందే, లేకపోతే కుదుపులన్నీ రేకులోంచే పోతాయి. పీసీబీ అయితే ట్రాక్ బ్లేడుతో కోసి వైరు వేయండి. అంత చేసే ముందు ప్రీఆంప్ గ్రౌండ్ ఒక్కటి విప్పి, కొత్త చోట అతికించి వినండి, తేడా వెంటనే తెలుస్తుంది.

మిగతావి అరుదు. సన్నటి గరగర ఉంటే ఒక్కో డయోడ్‌కి 0.01 మైక్రోఫారడ్ ప్యారలల్‌గా వేసి చూడండి. మోత స్పీకర్‌లోంచి కాక డబ్బాలోంచి వస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు బిగించండి. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే వస్తే తప్పు ఇన్వర్టర్‌ది, ఆంప్‌ని విప్పకండి.

ఇంకొకటి, ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పీకేస్తే మోత పోయిందని సంబరపడేవాళ్లున్నారు. గిటార్ తీగలు ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, ఆంప్‌లో ఇన్సులేషన్ పోయిన రోజు 230 వోల్టులు వచ్చేది మీ వేళ్లకే. తిరిగి పెట్టేయండి.