‘ఇంప్లోర్’ అనే క్రియను వాడే తీరు

ఇంగ్లీషులోని ‘ఇంప్లోర్’ అనే క్రియకు మన ‘వేడుకొను’, ‘ప్రాధేయపడు’ అనే మాటలు దగ్గరగా వస్తాయి. ఏడవడం అనే అర్థమున్న లాటిన్ మాట దీనికి మూలం కనుక, ‘ఆస్క్’, ‘రిక్వెస్ట్’ అనే మాటల్లో లేని ఆర్తి ఇందులో ధ్వనిస్తుంది. సెలవు చీటీలో దీన్ని వాడితే మాత్రం, రాసినవారి అవసరం కన్నా అతిశయమే ఎక్కువగా కనిపిస్తుంది.

వాక్యంలో క్రియ తరువాత, ఎవరిని వేడుకుంటున్నామో ఆ వ్యక్తి, ఆపైన ‘టు’, చివర చేయవలసిన పని రావాలి. ‘షి ఇంప్లోర్డ్ ద జడ్జ్ టు స్పేర్ హర్ సన్’ అంటే, తన కొడుకుపై దయ చూపమని ఆమె న్యాయమూర్తిని వేడుకుంది. దీన్నే ‘ఇంప్లోర్డ్ టు ద జడ్జ్’ అని రాస్తే తప్పు. తెలుగులో ‘న్యాయమూర్తిని’ అన్నప్పుడు ‘ని’ చేసే పనిని అక్కడ క్రియ పక్కనున్న స్థానమే చేస్తుంది కాబట్టి, మధ్యలో మరో మాట అక్కరలేదు. ‘ప్లీడ్’ తీరు వేరు: ‘షి ప్లీడెడ్ విత్ ద జడ్జ్’ అనాలి.

‘ఎర్నెస్ట్‌లీ ఇంప్లోర్’ అనడం నా దృష్టిలో దండగ, ఎందుకంటే ఆ ఆర్తి క్రియలోనే ఉంది. ‘బిసీచ్’ అర్థం కూడా ఇదే అయినా, అది మరింత గ్రాంథికం. దాని భూతకాలానికి ‘బిసాట్’, ‘బిసీచ్డ్’ అనే రెండు రూపాలూ చెల్లుతాయి.