బుక్‌వర్మ్ నుంచి ట్రిక్సీకి: డెబియన్ 12ను 13కి మార్చే పద్ధతి, మారాక తడబడే చోట్లు

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 13వ వెర్షన్ (ట్రిక్సీ) 2025 ఆగస్టు 9న విడుదలైంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 (బుక్‌వర్మ్) నుంచి దీనికి మారడానికి కొట్టాల్సిన కమాండ్లు నాలుగైదే. సమయమంతా వాటికి ముందు చేసే తనిఖీకి, రీబూట్ చేశాక సర్వీసులను సరిచూసుకోవడానికి పడుతుంది. అందుకే ఇక్కడ కమాండ్ల కన్నా, ఏది ఎందుకు ఆగిపోతుందన్న దాని మీదే ఎక్కువ రాశాం. కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో ఇచ్చాం. టైప్ చేసేటప్పుడు ఎప్పటిలాగే ఆంగ్ల అక్షరాలే వాడండి.

మీ యంత్రం అసలు మారొచ్చో లేదో ముందు చూడండి. ప్యాకేజీలను చూసుకునే డీపీకేజీ కమాండ్‌కు ప్రింట్ ఆర్కిటెక్చర్ ఆప్షన్ ఇచ్చి నడిపితే మామూలు 64 బిట్ పీసీలు, సర్వర్లలో ఏఎండీ64 అని రావాలి. ఐ386 అని వస్తే అక్కడే ఆగిపోండి. ట్రిక్సీలో ఐ386కు కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) లేదు, ఇన్‌స్టాలర్ లేదు. పాత 32 బిట్ ప్రోగ్రాములను 64 బిట్ సిస్టమ్ మీద నడుపుకోవడానికి మాత్రమే ఆ ప్యాకేజీలు మిగిలాయి. ప్రాసెసర్ 64 బిట్‌దే అయితే కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఇక డెబియన్ 11 మీద ఉన్నవాళ్లు నేరుగా 13కి దూకకూడదు. ముందు 12కి వచ్చి, రీబూట్ చేసి, అన్నీ నడుస్తున్నాయని చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

మొదలుపెట్టే ముందు

బ్యాకప్ అంటే ఈటీసీ డైరెక్టరీ ఒక్కటే కాదు. వార్ లిబ్ కింద ఉండే డీపీకేజీ డైరెక్టరీ, ఆప్ట్ డైరెక్టరీలోని ఎక్స్‌టెండెడ్ స్టేట్స్ ఫైలు, డీపీకేజీ గెట్ సెలక్షన్స్ ఇచ్చే జాబితా కూడా దాచండి. డేటాబేసులకు విడిగా డంప్ తీయండి. నడుస్తున్న డేటాబేస్ డైరెక్టరీని కాపీ కొడితే అది బ్యాకప్ అనిపించుకోదు. వర్చువల్ మెషీన్ అయితే స్నాప్‌షాట్ కూడా తీసుకోండి, ఎందుకంటే డెబియన్‌లో వెనక్కి వెళ్లే దారి అదొక్కటే. 13 నుంచి 12కి డౌన్‌గ్రేడ్ చేసే పద్ధతి లేదు.

దూరంలో ఉన్న సర్వర్ అయితే ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) కాకుండా మరో దారి ఉండాలి: సీరియల్ కన్సోల్, ఐపీఎంఐ (సర్వర్‌లోనే ఉండే దూర నియంత్రణ సౌకర్యం), లేదా హోస్టింగ్ ప్యానెల్‌లో ఉండే వెబ్ కన్సోల్. అది ఉందని తెలిస్తే చాలదు, ఒకసారి లాగిన్ అయి చూడండి. ఏ ఖాతాకూ పాస్‌వర్డ్ పెట్టని సర్వర్‌లో కన్సోల్ తెరిచినా లోపలికి వెళ్లలేరు.

తర్వాత బుక్‌వర్మ్‌ను పూర్తిగా అప్‌డేట్ చేయండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ విషయంలో ఇది తప్పనిసరి. పాత సర్వర్ ప్యాకేజీతో అప్‌గ్రేడ్ మొదలుపెడితే మధ్యలో కొత్త కనెక్షన్లు తీసుకోకపోవచ్చు. అదే సమయంలో మీ లైన్ తెగితే సగం మారిన సిస్టమ్ బయట నిలబడిపోతారు. ఆ తర్వాత ఆప్ట్ మార్క్ షో హోల్డ్ నడిపి ఆపిపెట్టిన ప్యాకేజీలేమైనా ఉన్నాయా, డీపీకేజీ ఆడిట్ నడిపి సగంలో ఆగినవేమైనా ఉన్నాయా చూడండి. రెండూ ఖాళీగా రావాలి.

స్థలం దగ్గర చాలామంది రూట్ పార్టిషన్ చూసి సరిపెట్టుకుంటారు. ఇబ్బంది వచ్చేది బూట్ పార్టిషన్‌తో. ట్రిక్సీకి అది కనీసం 768 ఎంబీ ఉండాలి, అందులో దాదాపు 300 ఎంబీ ఖాళీ ఉండాలి. కెర్నల్, ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే చిన్న ఫైల్ సిస్టమ్) రెండూ బాగా పెరిగాయి. పాత ఇన్‌స్టాలర్లు ఈ పార్టిషన్‌ను చిన్నగా చేసేవి కాబట్టి, చాలా ఏళ్లుగా అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన సర్వర్లలో ఇది తప్పక చూడాలి. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌ను ఉంచి పాతవన్నీ తీసేయండి. అయినా చాలకపోతే పార్టిషన్ పెంచాకే మొదలుపెట్టండి. ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ సగం రాశాక డిస్కు నిండితే ఆ కెర్నల్ బూట్ అవ్వదు.

సోర్సులు మార్చడం

డెబియన్‌వి కాని బయటి రిపాజిటరీలన్నీ (ప్యాకేజీలు దించుకునే చోట్లు) కామెంట్ చేయండి, అంటే లైను ముందు # పెట్టండి. బ్యాక్‌పోర్ట్స్ లైను కూడా. సోర్సెస్ డాట్ లిస్ట్‌లోనూ, సోర్సెస్ డాట్ డీ డైరెక్టరీలోనూ బుక్‌వర్మ్ అని ఉన్న ప్రతి చోటా ట్రిక్సీ అని మార్చండి. మొత్తం మూడు ఉండాలి: ట్రిక్సీ, ట్రిక్సీ అప్‌డేట్స్, ట్రిక్సీ సెక్యూరిటీ. వైఫై, గ్రాఫిక్స్ వంటి వాటికి ఫర్మ్‌వేర్ అవసరమైతే నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ అనే విభాగం లైనులో ఉందో లేదో చూసుకోండి. స్టేబుల్ అనే పేరు వాడేవాళ్లు దాన్ని కోడ్‌నేమ్‌గా మార్చుకోవడం మంచిది. లేదంటే తర్వాతి విడుదల రోజున మామూలు అప్‌డేట్ అనుకుని చేసింది పెద్ద అప్‌గ్రేడ్ అయిపోతుంది.

అప్‌గ్రేడ్: రెండు విడతలు

లైన్ తెగినా పని ఆగకుండా ఉంచే టీమక్స్ లేదా స్క్రీన్ తెరిచి, స్క్రిప్ట్ కమాండ్‌తో తెర మీద కనిపించేదంతా ఒక ఫైలులో రికార్డు అయ్యేలా పెట్టండి. మరియాడీబీ డేటాబేస్ ఉంటే ఈ దశకు ముందే సర్వీసును పద్ధతిగా ఆపాలి. వెర్షన్ 10.11 నుంచి 11.8కి మారుతుంది, పెద్ద వెర్షన్ల మధ్య క్రాష్ రికవరీ పనిచేయదు. అది ఇదివరలో హఠాత్తుగా ఆగిపోయి ఉంటే పాత వెర్షన్‌తోనే మళ్లీ లేపి, కోలుకున్నాక మామూలుగా ఆపండి.

1. ఆప్ట్ అప్‌డేట్.
2. ఆప్ట్ ఫుల్ అప్‌గ్రేడ్‌ను ట్రివియల్ ఓన్లీ ఆప్షన్‌తో నడిపితే ఏమీ మార్చకుండా ఎంత స్థలం కావాలో చెబుతుంది.
3. ఆప్ట్ అప్‌గ్రేడ్‌కు వితౌట్ న్యూ ప్యాకేజెస్ ఆప్షన్ తగిలించి నడపండి. ప్యాకేజెస్ అన్న మాటను పీ కే జీ ఎస్ అని కుదించి రాయాలి.
4. ఆప్ట్ ఫుల్ అప్‌గ్రేడ్.

మూడోది దేనికంటే, ఏదీ తీసేయకుండా, కొత్తవేవీ చేర్చకుండా మారగలిగినవాటిని ముందు మార్చేస్తే నాలుగో దశలో చిక్కుముడులు తగ్గుతాయి.

నాలుగో దశలో తీసేసే ప్యాకేజీల జాబితా పొడవు చూస్తే కంగారు పుడుతుంది. చాలా లైబ్రరీల పాత పేరు పోయి, చివర టీ64 అని ఉన్న పేరు వస్తుంది. ఉదాహరణకు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 స్థానంలో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64. దీని వెనక 2038 సమస్య ఉంది. సమయాన్ని 32 బిట్ల సంఖ్యగా లెక్కిస్తే 2038 జనవరి 19న ఆ లెక్క నిండిపోతుంది. ఐ386 తప్ప మిగతా ఆర్కిటెక్చర్లన్నిటిలో ట్రిక్సీ 64 బిట్ లెక్కకు మారింది, అందుకోసమే లైబ్రరీల పేర్లు మార్చారు. ఏఎండీ64లో సమయం మొదటినుంచీ 64 బిట్లే, కాబట్టి అక్కడ మారింది పేరొక్కటే, బయటినుంచి తెచ్చిన పాత డెబ్ ప్యాకేజీలు సాధారణంగా నడుస్తాయి. ఆర్మ్‌హెచ్‌ఎఫ్ (32 బిట్ ఆర్మ్) బోర్డుల మీద అలా కాదు. అక్కడ బైనరీ ఇంటర్‌ఫేసే మారింది, బయటి ప్రోగ్రాములను మళ్లీ కంపైల్ చేయాల్సిందే. ఏదేమైనా జాబితాలో లైబ్రరీలు కాకుండా మీరు వాడే సర్వీసు పేరు, డెస్క్‌టాప్ పేరు, కెర్నల్ మెటా ప్యాకేజీ కనిపిస్తే ఎస్ అనకండి. కారణం తేల్చుకున్నాకే ముందుకు కదలండి.

కాన్ఫిగరేషన్ ఫైళ్ల గురించి అడిగినప్పుడు డీ నొక్కి తేడా చూడండి. మీరు మార్చిన ఫైలు అయితే ఎన్ అని పాతది ఉంచుకోండి. కొత్తది డీపీకేజీ డిస్ట్ అనే చివరి పేరుతో పక్కనే ఉంటుంది. మార్చిన గుర్తు లేని ఫైలు అడిగితే మాత్రం, దాన్ని ఎవరో ఎప్పుడో మార్చారనే అర్థం. ఆ తేడాను రికార్డులో ఉండనివ్వండి.

రీబూట్ చేయకముందే

ఇక్కడ తొందర వద్దు. అప్‌గ్రేడ్ ముగిసినా పాత కెర్నల్ మీదే నడుస్తున్నారు, చాలా తప్పులు ఇప్పుడే దిద్దుకోవచ్చు.

ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులుంటే సిస్టమ్‌డీ క్రిప్ట్‌సెటప్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయిందో లేదో చూడండి. ఇది ఇప్పుడు విడి ప్యాకేజీ అయింది. సిఫారసు చేసిన ప్యాకేజీలు వేయవద్దని ఆప్ట్‌కు చెప్పి ఉంచినవాళ్లకు ఇది దానంతట అది రాదు, రీబూట్‌లో డిస్కులు తెరుచుకోవు.

ఈటీసీ కింద ఉండే సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ ఫైలును బూట్‌లో ఇక చదవరు. ఐపీ ఫార్వర్డింగ్, నెట్‌వర్క్ బఫర్లు, స్వాపినెస్ లాంటివి అందులో రాసి ఉంటే సిస్‌సీటీఎల్ డాట్ డీ డైరెక్టరీలోకి, డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైలుగా మార్చండి. ఎర్రర్ రాదు, సెట్టింగు మాత్రం ఉండదు. రూటర్‌గానో వీపీఎన్ గేట్‌వేగానో పనిచేసే యంత్రంలో సర్వర్ పింగ్ అవుతూనే ఉంటుంది, దాని వెనక ఉన్నవాళ్లకు మాత్రం ఇంటర్నెట్ రాదు. కారణం వెతకడానికి పూటంతా పట్టే రకం తప్పు ఇది.

నెట్‌వర్క్ కార్డు పేరు మారడం ఇంకొకటి. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 252 నుంచి 257కు, కెర్నల్ 6.1 నుంచి 6.12కు వెళ్లాయి. కొన్ని డ్రైవర్ల దగ్గర పోర్టు పేరు కూర్చే తీరు తేడా పడుతుంది. పాత పేరు రాసి ఉన్న ఇంటర్‌ఫేసెస్ ఫైలు అప్పుడు పనికిరాదు, సర్వర్ లేచినా అందదు. ఈటీసీలోని సిస్టమ్‌డీ కింద నెట్‌వర్క్ డైరెక్టరీలో డాట్ లింక్ ఫైలు ఒకటి రాయండి. మ్యాచ్ భాగంలో కార్డు మ్యాక్ అడ్రస్, లింక్ భాగంలో లాన్0 వంటి సొంత పేరు పెట్టి, అదే పేరును ఇంటర్‌ఫేసెస్‌లోనూ ఫైర్‌వాల్ నియమాల్లోనూ వాడి, అప్‌డేట్ ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ నడపండి. దూరపు సర్వర్లన్నిటికీ ఇదే మా సలహా. కెర్నల్ పెట్టే పేరును నమ్ముకోవడం కన్నా ఇది భద్రం.

ఎన్‌విడియా, జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి డీకేఎంఎస్ మాడ్యూళ్లుంటే (కెర్నల్ మారినప్పుడల్లా మళ్లీ కంపైల్ అయ్యేవి) 6.12 హెడర్లు ఉన్నాయా, డీకేఎంఎస్ స్టేటస్‌లో కొత్త కెర్నల్‌కు ఇన్‌స్టాల్డ్ అని ఉందా చూడండి. లేకపోతే రీబూట్‌లో గ్రబ్ మెనూ నుంచి 6.1 ఎంచుకుని లేవొచ్చు. అందుకే దాన్ని ఇప్పుడే తీసేయొద్దు.

రీబూట్ తర్వాత

ముందు సిస్టమ్ సీటీఎల్ ఫెయిల్డ్ నడిపి ఆగిపోయిన సర్వీసుల జాబితా తీయండి.

టీఎంపీ డైరెక్టరీ ఇప్పుడు డిస్కు మీద కాదు, మెమరీలో. దాని గరిష్ఠ పరిమాణం ర్యామ్‌లో సగం. 2 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో 1 జీబీ అన్నమాట. రాత్రిపూట 5 జీబీ ఆర్కైవ్‌ను టీఎంపీలో కట్టే బ్యాకప్ స్క్రిప్టు డిస్కులో ఎంత ఖాళీ ఉన్నా స్థలం లేదంటూ ఆగిపోతుంది. స్క్రిప్టును వార్ టీఎంపీ వైపు తిప్పడం సరైన మందు. అది కుదరకపోతే టీఎంపీ డాట్ మౌంట్ యూనిట్‌ను సిస్టమ్ సీటీఎల్ మాస్క్ చేసి రీబూట్ చేస్తే పాత పద్ధతి తిరిగి వస్తుంది. పాత టీఎంపీ ఫైళ్లు కొత్త మౌంట్ కింద కనబడకుండా డిస్కును ఆక్రమించుకుని ఉంటాయి. రూట్‌ను ఎంఎన్‌టీ మీద బైండ్ మౌంట్ చేస్తే కనిపిస్తాయి, తీసేయొచ్చు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ దానంతట అది మారదు. పీజీ ఎల్‌ఎస్ క్లస్టర్స్ నడిపితే మీ డేటా ఉన్న 15 పాత పోర్టు 5432 మీద, ఖాళీగా ఉన్న 17 మరో పోర్టు మీద కనిపిస్తాయి. పోస్ట్‌జీఐఎస్ వంటి ఎక్స్‌టెన్షన్లకు 17 ప్యాకేజీలు ముందే వేసుకోండి. ఖాళీ 17 క్లస్టర్‌ను పీజీ డ్రాప్ క్లస్టర్‌తో తీసేసి (వెర్షన్ సంఖ్య రెండుసార్లు చూసుకోండి, పొరపాటున 15 అని కొడితే డేటా పోతుంది), పీజీ అప్‌గ్రేడ్ క్లస్టర్ 15 మెయిన్ నడపండి. ఇంకొన్నాళ్లు 15 మీదే ఉంటామంటే కొలేషన్ (అక్షరాల వరుస) వెర్షన్ హెచ్చరిక పట్టించుకోండి. సిస్టమ్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.36 నుంచి 2.41కి మారడంతో అక్షరాల వరుస నియమాలు తేడా పడొచ్చు, టెక్స్ట్ ఇండెక్సులు తప్పు ఫలితాలు ఇవ్వొచ్చు. రీఇండెక్స్ చేశాకే రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ ఇవ్వాలి.

పీహెచ్‌పీ 8.2 నుంచి 8.4కు వెళ్తుంది. ఎన్‌జింక్స్ వెబ్ సర్వర్ ఫైళ్లలో పాత ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని నడిపే సర్వీసు) సాకెట్ పేరు అలాగే ఉంటే 502 ఎర్రర్ వస్తుంది. పేరు మార్చి, పూల్ ఫైలులో మీరు చేసిన మార్పులను 8.4 డైరెక్టరీలోకి తెచ్చుకోండి.

పైథాన్ 3.11 కాస్తా 3.13 అయింది. వెన్వ్‌లలోని (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా కట్టుకునే పైథాన్ డైరెక్టరీలు) పైథాన్ లింకు కొత్తదాన్ని చూపిస్తుంది, ప్యాకేజీలు మాత్రం 3.11 డైరెక్టరీలో ఉంటాయి, కాబట్టి మాడ్యూల్ దొరకలేదని అంటుంది. వెన్వ్‌ను బాగుచేయాలని చూడకండి, తీసేసి రిక్వైర్‌మెంట్స్ ఫైలుతో మళ్లీ కట్టండి. డిస్ట్‌యుటిల్స్, సీజీఐ, టెల్‌నెట్‌లిబ్ వంటి మాడ్యూళ్లు పైథాన్ నుంచే పోయాయి. వాటిని వాడే కోడ్‌ను మార్చక తప్పదు.

మెయిల్ సర్వర్ ఉంటే డవ్‌కాట్ 2.4 పాత కాన్ఫిగరేషన్‌ను అంగీకరించదని గుర్తుంచుకోండి. ఇది ఒకటి రెండు లైన్ల దిద్దుబాటు కాదు. ముందే మరో యంత్రం మీద కొత్త ఫైలు రాసి పరీక్షించుకున్నాకే అసలు సర్వర్‌ను ముట్టుకోండి.

చిన్నవి కొన్ని: ఎస్‌ఎస్‌హెచ్‌లో డీఎస్‌ఏ కీలు పనిచేయవు, ఈడీ25519 కీ ముందే పెట్టుకోండి. లాగిన్‌ల చరిత్ర చూపే లాస్ట్, లాస్ట్‌బీ, లాస్ట్‌లాగ్ కమాండ్లు లేవు. లాస్ట్ కావాలంటే డబ్ల్యూటీఎంపీడీబీ ప్యాకేజీ వేసుకోవాలి, విఫలమైన లాగిన్‌లకు ఎల్‌ఎస్ లాగిన్స్‌ను ఫెయిల్డ్ ఆప్షన్‌తో నడపాలి. వీటి మీద ఆధారపడిన లాగ్ స్క్రిప్టులు వెతికి మార్చండి.

ఒక వారం నడిచాక శుభ్రం చేయండి. ఈటీసీలో డీపీకేజీ, యూసీఎఫ్ చివరి పేర్లున్న ఫైళ్లను ఒక్కొక్కటిగా పోల్చి కలపండి. ఆప్ట్ మోడర్నైజ్ సోర్సెస్ నడిపితే పాత లిస్ట్ ఫైళ్లు కొత్త డాట్ సోర్సెస్ రూపంలోకి మారతాయి. బయటి రిపాజిటరీలను ట్రిక్సీకి ప్యాకేజీలు ఇస్తున్నాయని చూశాకే ఒక్కొక్కటిగా తిరిగి తెరవండి. ఏ రిపాజిటరీలోనూ లేని పాత ప్యాకేజీలను ఆప్ట్ లిస్ట్ పక్కన కొటేషన్లలో టిల్డా, ఓ ఇచ్చి చూడొచ్చు. ఆ జాబితాలో పోస్ట్‌గ్రెస్ 15, మీరు చేతితో వేసిన డెబ్‌లు కూడా ఉంటాయి కాబట్టి మొత్తాన్ని ఒకేసారి పర్జ్ చేయకండి. డేటా 17లోకి వచ్చిందని రూఢి చేసుకున్నాకే 15ను, కొత్త కెర్నల్ మీద రెండు మూడు రీబూట్లు సాఫీగా జరిగాకే 6.1ను తీయండి.